"నో మాంచెస్" అంటే మరకలు చేయొద్దనా? అమ్మమ్మ వీడియో కింద స్పానిష్ కామెంట్లు

పూతరేకుల_మనవరాలు
మా అమ్మమ్మది ఆత్రేయపురం. పోయిన నెల వెళ్లినప్పుడు ఆవిడ రేకులు తీస్తుంటే నలభై సెకన్ల వీడియో తీసి పెట్టాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి కుండ మీదుగా లాగితే కాగితంలాంటి రేకు లేచి రావడం. అంతే, మాటలు కూడా లేవు. రెండు వారాలు చుట్టాలు తప్ప ఎవరూ చూడలేదు. ఉన్నట్టుండి మెక్సికో, అర్జెంటీనా, ఇంకా ఎక్కడెక్కడి జనమో వచ్చి పడ్డారు. అందరూ స్పానిష్‌లోనే రాస్తున్నారు. "అనువాదం చూడండి" నొక్కి చదివాక నాకు టెన్షన్ మొదలైంది. నాకు చదవడం వచ్చినట్టు రాస్తున్నా, తప్పులుంటే తిట్టకండి.

"నో మాంచెస్" : మరకలు చేయకు
"ఆగ్వాస్ కోన్ లా అబ్యులీటా" : చిన్న అమ్మమ్మతో నీళ్లు
"ఓజో!" : కన్ను!
"చే, కే లోకో" : చే, ఎంత పిచ్చి
"హిజోలె" : అనువాదం లేదు
"అర్రర్రాయ్" : అనువాదం లేదు
"ఉయ్ సీ, కే హిజియెనికో" : ఓహ్ అవును, ఎంత పరిశుభ్రం
"జజజజజజ" : ఇవి లెక్కలేనన్ని

అమ్మమ్మకి చదివి వినిపించాను, అది నా పొరపాటు. "కన్ను అంటున్నారంటే దిష్టి పెట్టారన్నమాట. మరకలేంటి, నా గుడ్డ మాసిపోయిందా?" అని రెండు రోజులుగా ఒకటే అడుగుడు. ఇంతకీ వీళ్లు పొగుడుతున్నారా, వెక్కిరిస్తున్నారా?

తప్పులెన్నువారు
ఏదో ఒక ఏఐలో వేసి అడిగితే రెండు నిమిషాల పని. దీనికి ఒక చర్చ!

బెజవాడ_బ్లేజ్
"చిన్న అమ్మమ్మతో నీళ్లు" 😂 నాకు ఈ వారానికి ఇది చాలు.

గ్వాదలాహారా_గోపి
మూడేళ్లుగా మెక్సికోలో ఉంటున్నాను, ఇందులో సగం కామెంట్లు మా వాళ్లవే. ముందు అమ్మమ్మ గారికి ధైర్యం చెప్పండి, గుడ్డ మాయలేదు.

"నో మాంచెస్": మాటకు మాట తీసుకుంటే "మరక చేయకు" అనే. కానీ మెక్సికోలో దాన్ని అలా ఎవరూ వినరు. ఇంతకంటే మొరటు మాట ఒకటి ఉంది, పాలు చీకడం అనే క్రియలోంచి వచ్చింది. పెద్దవాళ్ల ముందు అది అనలేక, అదే మొదటి అక్షరంతో మొదలయ్యే మర్యాద మాట పెట్టుకున్నారు. మనం ఓ తిట్టు నోటిదాకా వచ్చాక దాన్ని ఇంకో మాటలోకి తిప్పేస్తామే, అలాగ. అర్థం "ఊరుకోండి, నిజంగానా!" అని. మీ వీడియో కింద అది నూటికి నూరుపాళ్లు ఆశ్చర్యమే. అదే మా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం సర్వర్ పడిపోతే కూడా "నో మాంచెస్" అంటారు. అక్కడ అర్థం "అబ్బా, ఇప్పుడా?"

"ఆగ్వాస్" అంటే నీళ్లే, కానీ కేక వేస్తే "జాగ్రత్త". పూర్వం మేడ మీంచి మురికి నీళ్లు వీధిలోకి పారబోసే ముందు అలా అరిచేవాళ్లని ఇక్కడి జనం చెప్పే కథ. కాబట్టి ఆ కామెంటుకి అర్థం "అమ్మమ్మ జాగ్రత్త". అబ్వెలీతా అన్నది ముద్దుగా, "చిన్న అమ్మమ్మ" కాదు.

"ఓజో" కాదు, ఓఖో. కన్ను అనే అర్థం. కేకగా వాడితే "చూసుకో, భద్రం" అని. మంట దగ్గర చెయ్యి పెట్టారు కదా ఆవిడ.

పూతరేకుల_మనవరాలు
అయ్యో. అంటే వాళ్లు జాగ్రత్త చెప్తుంటే మేం ఇక్కడ ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో పడేశాం.

గ్వాదలాహారా_గోపి
తిప్పింది వృథా కాదులెండి. దిష్టి వాళ్లకీ ఉంది, "మాల్ దె ఓఖో" అంటారు. ఇక్కడ పల్లెల్లో పిల్లలకి దిష్టి తగిలితే కోడిగుడ్డుతో ఒళ్లంతా తుడిచి, ఆ గుడ్డు గ్లాసు నీళ్లలో కొట్టి చూస్తారు. మీ అమ్మమ్మ గారు ఇక్కడికొస్తే పదినిమిషాల్లో కలిసిపోతారు.

సెకండియర్_స్పానిష్
తార్నాకలో స్పానిష్ బీఏ చదువుతున్నా. ఆ "జజజజ" గురించి చెప్పనివ్వండి, మొదటి సెమిస్టర్‌లో నేనూ అక్కడే పడ్డాను. స్పానిష్‌లో జె అక్షరానికి మన "జ" లేదు, గొంతులోంచి వచ్చే "ఖ" లాంటి శబ్దం. కరీబియన్ వైపు మెత్తగా "హ" అంటారు. కాబట్టి అది జజజ కాదు, హహహ. ఉత్త నవ్వు.

అచ్చు మారితే నవ్వు రంగు మారుతుంది. "హెహె" అంటే కాస్త మొహమాటం, లేదా "నాకు తెలుసులే" అన్నట్టు. "హిహి" అంటే కొంటె నవ్వు. చివర ఎక్స్, డి కలిపి రాస్తే అది పక్కకి తిప్పి చూసే నవ్వు మొహం, దాన్ని చాలామంది ఫుల్‌స్టాప్ బదులు వాడేస్తారు.

"హిజోలె"లో హెచ్ పలకదు. ఇఖోలె.

గ్వాదలాహారా_గోపి
ఆ జె దెబ్బ నాకు ఎయిర్‌పోర్టులోనే తగిలింది. టాక్సీ అతనికి "గ్వాదలజారా" అని చెప్తే జాలిగా చూశాడు.

బెజవాడ_బ్లేజ్
అయితే పిజ్జా మీద వేసేది జలపెనో కాదా?

సెకండియర్_స్పానిష్
హలపేన్యో. కానీ బెజవాడలో అలా అడిగితే మీకు పిజ్జా దొరకదు.

పూతరేకుల_మనవరాలు
ఇంకొకాయన వరసగా కె కె కె కె కె అని రాశాడు. నేను "ఓకే ఓకే" అంటున్నాడనుకుని బొటనవేలు పెట్టాను.

సెకండియర్_స్పానిష్
అది అసలు స్పానిష్ కాదండీ, బ్రెజిల్ వాళ్ల పోర్చుగీసు నవ్వు. ఆయన పగలబడి నవ్వుతుంటే మీరు సరేనన్నారు.

తప్పులెన్నువారు
సరే, ఏఐలో వేసి చూశా. "అర్రర్రాయ్"కి "సంతోషం తెలిపే అరుపు" అని చెప్పింది. నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు.

క్వీన్స్_కుర్రాడు
నమ్మకండి. అది ఎక్వడార్ మాట. నేను న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటా, రెండేళ్లు నా రూమ్మేట్‌ది క్వెంకా అనే కొండ ఊరు. వాళ్లకి ఒక్కో బాధకి ఒక్కో కేక ఉంది. చలేస్తే "అచచాయ్". వేడి తగిలి కాలితే "అర్రర్రాయ్". అసహ్యం వేస్తే "అతతాయ్". ముద్దొచ్చేది చూస్తే "అననాయ్". ఇవి స్పెయిన్ నుంచి వచ్చినవి కావు, అక్కడి కొండజాతుల కిచ్వా భాషవి. స్పానిష్ మాట్లాడుతూనే చలికి మాత్రం కిచ్వాలో వణుకుతారు. జనవరిలో మావాడు హీటర్ పనిచేయట్లేదని ఇంటి ఓనర్‌కి ఫోన్ చేసి "అచచాయ్" అని ఒక్క మాట అన్నాడు. ఓనర్‌ది కూడా ఎక్వడారే. గంటలో మనిషి వచ్చాడు.

మీ అమ్మమ్మ గారి చెయ్యి కుండకి తగలబోతుంటే అతనికి కాలింది. అంతకంటే మంచి కామెంట్ ఏముంటుంది?

పూతరేకుల_మనవరాలు
మేం "అరెరే" లాంటిదనుకున్నాం.

క్వీన్స్_కుర్రాడు
దూరం లేరు.

రాజమండ్రి_రవ్వట్టు
ఉండండి. "చే" గురించి ఎవరూ చెప్పలేదు. చే అంటే కామ్రేడ్ అని కదా? చే గెవారా.

వాలెన్సియా_వదిన
కాదు నాయనా. చే అంటే "ఒరేయ్", "ఏమోయ్", "ఇదిగో". అర్జెంటీనా, ఉరుగ్వే వాళ్లు పలకరింపుకీ, మాట మధ్య ఊపిరి తీసుకోడానికీ వాడతారు. గెవారా పుట్టింది అర్జెంటీనాలోని రొసారియోలో. ఆయన మాటకి ముందు చే వాడుతుంటే క్యూబా మిత్రులు అదే పేరు పెట్టేశారు. మన ఊళ్లో టీషర్టు మీద "ఒరేయ్ గెవారా" అని వేసుకుని తిరుగుతున్నామన్నమాట.

"కే లోకో" అంటే పిచ్చి అని తిట్టడం కాదు, "భలే వింతగా ఉందే" అని. ఇంకోటి, చే ఒక్క అర్జెంటీనాదే అని ఎవరూ రాయకండి. నేనుండే స్పెయిన్‌లోని వాలెన్సియాలో ముసలమ్మలు రోజుకి వందసార్లు అంటారు, ఇక్కడి భాషలో మొదట ఎక్స్ అక్షరంతో రాస్తారు.

లాలిగా_రాజు
వాలెన్సియా ఫుట్‌బాల్ జట్టు ముద్దు పేరే "చే". వదిన గారితో ఏకీభవిస్తున్నా, వాళ్ల డిఫెన్స్‌తో మాత్రం కాదు.

సెకండియర్_స్పానిష్
కానీ ఈ కామెంట్ వాలెన్సియా నుంచి వచ్చే అవకాశం తక్కువ. చే పక్కన "కే లోకో" ఉంటే నేను అర్జెంటీనా అనే అంటాను.

వాలెన్సియా_వదిన
ఒప్పుకుంటా. కానీ ఒక్క మాట చూసి దేశం చెప్పేయడం ప్రమాదం. నేను పెళ్లయిన కొత్తలో ఇక్కడికొచ్చినప్పుడు పక్కింటావిడ ఫోన్లో "వెంగా, వెంగా, వెంగా" అంటుంటే ఎవర్నో "రండి రండి రండి" అని పిలుస్తోందనుకుని, ఎవరూ రాకపోయేసరికి పాపం అనుకున్నాను. స్పెయిన్‌లో అది "సరే మరి, ఉంటా" అని ఫోన్ పెట్టేసే ముందు అనేది. పుస్తకంలో "రండి" అనే ఉంటుంది.

లాలిగా_రాజు
నాకు తెలిసిన స్పానిష్ మొత్తం కామెంటరీయే. "ఉయ్" అంటే గోల్ అంగుళం తేడాతో తప్పిపోయింది. స్టేడియం మొత్తం ఒకేసారి "ఉఉఉయ్" అంటుంది. కాబట్టి ఆ "ఉయ్ సీ" కూడా "అబ్బ, జస్ట్ మిస్" లాంటిదే అయ్యుండాలి, అంటే మంచిదే.

సెకండియర్_స్పానిష్
ఇది మాత్రం తప్పు. చెప్పడం బాధగానే ఉంది కానీ ఆ లిస్టులో నిజంగా వెక్కిరింపు అదొక్కటే. "ఉయ్ సీ" లేదా "అయ్ సీ" అని మొదలుపెట్టి వెంటనే పొగడ్త వస్తే అది మన "అబ్బో". "అబ్బో, ఎంత శుభ్రమో!" అని. గుడ్డతో తుడిచి రేకు తీయడం చూసి అన్నాడు.

లాలిగా_రాజు
ఒక్క వాక్యం చూసి ఎలా చెప్తావ్? నిజంగానే శుభ్రంగా ఉందని మెచ్చుకోకూడదా?

వాలెన్సియా_వదిన
రాజు ప్రశ్నలో న్యాయం ఉంది. "అయ్ సీ, యో కియెరో" అంటే వెక్కిరింపు లేదు, "అవునవును, నాకూ కావాలి" అని. అదే "అయ్ సీ" తరువాత "నేను గొప్ప" అనో "ఎంత అందమో" అనో వస్తే మూతి తిప్పడం. తేడా అంతా వెనకాల వచ్చే మాటలోనే. మనం "అబ్బో" అనడం లేదూ? అత్తగారి ముందు "అబ్బో, ఎంత పెద్ద జరీ అంచో" అంటే పొగడ్త. ఆడపడుచు వెళ్లిపోయాక అదే మాట అంటే ఇంకోటి. మనవరాలు గారూ, ఆ కామెంటు చివర ఏదైనా బొమ్మ ఉందా?

పూతరేకుల_మనవరాలు
కళ్లు పైకి తిప్పిన మొహం ఉంది.

లాలిగా_రాజు
సరే. ఆఫ్‌సైడ్. ఒప్పుకున్నా.

తప్పులెన్నువారు
దీనికి మాత్రం ఏఐ "వినియోగదారు పరిశుభ్రతను ప్రశంసిస్తున్నారు" అంది. ఇక నోరు మూసుకుంటా.

గ్వాదలాహారా_గోపి
మూసుకోకండి, మీరు చెబుతుంటేనే బాగుంది. మెషీన్ తప్పు కూడా పూర్తిగా దానిది కాదు, జనం స్పెల్లింగ్ అలా ఏడుస్తుంది. "అయ్యో" అనే "అయ్", "ఉంది" అనే "అయ్" రెండూ ఒకేలా పలుకుతారు. రెండో దానికి ముందు పలకని హెచ్ ఒకటుంది. కామెంట్లలో ఆ హెచ్ ఎవడు రాస్తాడు? "అక్కడ" అనే "అయీ"ని కూడా దీంతో కలిపేస్తారు. "అక్కడ 'అయ్యో' అనే మనిషి ఒకడున్నాడు" అని మూడూ వచ్చే వాక్యాన్ని పిల్లలకి స్పెల్లింగ్ కోసం నేర్పుతారు. పెద్దయ్యాక మర్చిపోతారు. అందుకే "అయ్ ఊనో" అని ఉంటే మెషీన్‌కి "అయ్యో ఒకటి" అని వస్తుంది. అసలుది "ఒకటుంది".

సెకండియర్_స్పానిష్
వాక్యం మొదట్లో పెట్టాల్సిన తలకిందుల ఆశ్చర్యార్థకం కూడా పెట్టరు. క్లాసులో పెట్టకపోతే మాకు మార్కు పోతుంది. అక్కడి వాళ్లు చివరిది మాత్రం ఆరుసార్లు పెడతారు.

రాజమండ్రి_రవ్వట్టు
ఇఖోలె సంగతి?

గ్వాదలాహారా_గోపి
"అమ్మబాబోయ్". "కొడుకా" అన్న మాటతో మొదలయ్యే తిట్టొకటి ఉంది, దాన్ని మధ్యలో మింగేసి తోక మార్చారు. వీడియో కింద అది మెచ్చుకోలే. కానీ మెక్సికోలో ఎవరినైనా సాయం అడిగినప్పుడు ముందు గాలి పీల్చి "ఇఖోలె..." అన్నాడంటే మీ పని అవదు. వాళ్లు మొహం మీద కాదనరు. నేను ఇల్లు వెతికేటప్పుడు నలుగురు ఓనర్లు "ఇఖోలె" అన్నారు. నాలుగోసారికి అర్థమైంది.

"ఓరలే" రాలేదా? రాకుండా ఉండదే.

పూతరేకుల_మనవరాలు
చాలా వచ్చాయి. "ఓరి" తర్వాత "లే" అని చదువుకుని మనవాళ్లెవరో అనుకున్నాను.

గ్వాదలాహారా_గోపి
అది మెక్సికో వాళ్ల సర్వరోగ నివారిణి. "ఇప్పుడు" అనే మాటకి "లే" తగిలించారు. చిన్నగా అంటే "సరే". గట్టిగా అంటే "కానీయ్, కదులు". సాగదీసి "ఓఓఓరలె" అంటే "ఔరా". మీకొచ్చినవాటిలో ఓ ఎన్నిసార్లుందో లెక్కపెట్టండి.

బెజవాడ_బ్లేజ్
"ఔరా" అన్నా "ఓరలే" అన్నా ఒకటే. ఆ "లే" అంటే అల్లా అన్నమాటేగా, అరబ్బుల నుంచి వచ్చిందని ఎక్కడో చదివా.

సెకండియర్_స్పానిష్
మీరు చదివింది ఎద్దులాటలో "భేష్" అన్నట్టు అరిచే "ఒలే" గురించి అయ్యుంటుంది, దాని పుట్టుక మీద పండితులకే ఒప్పందం లేదు. అరబీ అని గట్టిగా చెప్పగలిగేది "ఓఖలా". "అలా జరిగితే బాగుండు" అని. "అల్లా తలిస్తే" అన్న అరబీ మాట అది, స్పెయిన్ రాయల్ అకాడమీ నిఘంటువులోనే ఉంది. 711 నుంచి 1492 దాకా అక్కడ ముస్లిం రాజ్యాలు ఉన్నాయి కదా. ఇప్పుడు చర్చికి వెళ్లే అవ్వ కూడా "ఓఖలా వాన పడితే" అంటుంది.

లాలిగా_రాజు
"ఒలే" కూడా ఎప్పుడూ పొగడ్త కాదు. మన జట్టు గెలుస్తూ పాస్‌ల మీద పాస్‌లు ఇస్తుంటే ఒక్కో పాస్‌కీ "ఒలే" అంటారు. అది అవతలి జట్టుని ఎద్దుని చేసి ఆడించడం.

వాలెన్సియా_వదిన
మనవరాలు గారూ, ఒకటి అడుగుతా. "హహహ"లు లెక్కలేనన్ని అన్నారు. రేకులు తీస్తుంటే అంత నవ్వు దేనికి? నాకు మొదట్నుంచీ అర్థం కావట్లేదు. వీడియో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టారా?

పూతరేకుల_మనవరాలు
ఆ, పెట్టాను. పి యు టి ఎ ఆర్ ఇ కె యు ఎల్ యు.

గ్వాదలాహారా_గోపి
ఖఖఖఖఖఖఖఖఖఖఖ

క్వీన్స్_కుర్రాడు
అతతాయ్.

సెకండియర్_స్పానిష్
అమ్మో. నేనెలా చూసుకోలేదు?

పూతరేకుల_మనవరాలు
ఏమైంది? ఎవరైనా చెప్తారా?

వాలెన్సియా_వదిన
నేను చెప్తా, వీళ్లు నవ్వుతూనే ఉంటారు. మొదటి నాలుగు అక్షరాలు స్పానిష్‌లో వెలయాలు అనే మాట, తిట్టుగానే వాడతారు. తరువాతి "రె" మాటకి ముందు చేరితే "మహా, తెగ" అని, అర్జెంటీనా వాళ్లకి అది లేకుండా పొద్దుపోదు. ఇక "కులు" చదివితే వాళ్లకి వినిపించేది "కూలో". కూర్చునే భాగం. మూడూ వరసగా, పెద్ద అక్షరాల్లో, పైన మీ అమ్మమ్మ గారి ఫొటో.

పూతరేకుల_మనవరాలు
😭😭😭

బెజవాడ_బ్లేజ్
నేను కుర్చీలోంచి పడ్డాను. వాళ్ల భాషలో చెప్పాలంటే నా కూలో విరిగింది.

మోడ్_బాబాయ్
అమ్మమ్మ గారి వీడియో గురించి మాట్లాడుతున్నాం. కాస్త చూసుకోండి అందరూ. (నేనూ నవ్వాను.)

వాలెన్సియా_వదిన
ఏడవకండమ్మా. వాళ్లు నవ్వింది పేరుకి, ఆవిడకి కాదు. పైగా ఆ మాట స్పెయిన్‌లో "దె పూతా మాద్రె" అని వస్తే "అదిరిపోయింది" అని అర్థం. మా ఆఫీసులో మా బాస్ నేను తెచ్చిన పులిహోర తిని ఆ మాట అంటే నేను మొహం ఎర్రగా చేసుకుని గిన్నె తీసేసుకున్నాను. పాపం ఆయన రెండోసారి వడ్డించుకుందామని చెంచా పట్టుకుని ఉన్నాడు.

రాజమండ్రి_రవ్వట్టు
స్పెల్లింగ్ మార్చేయండి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అందులో రెండు ఓలు పెట్టి రాశారు.

సెకండియర్_స్పానిష్
రెండు ఓలు పెడితే స్పానిష్ వాళ్లు "పోతరేకులు" అని చదువుతారు. అది నయమే. చివరి "కులు" మాత్రం ఎలా రాసినా తప్పదు.

గ్వాదలాహారా_గోపి
మార్చకండి అంటాను నేను. ఆ పేరు చూసే సగం మంది ఆగారు. ఆగినవాళ్లు రేకు లేచేటప్పుడు "ఓరలె" అన్నారు.

తప్పులెన్నువారు
గోపి గారి మాటే సబబు. కానీ కింద ఒక ముక్క స్పానిష్‌లో రాసి పిన్ చేయండి, "ఇది మా భాషలో పూత, రేకు" అని. సెకండియర్ గారు రాసిస్తారు. ఏఐ వద్దు.

సెకండియర్_స్పానిష్
రాత్రికి రాసి పంపిస్తా. ఇది ఇంటర్నల్స్‌లో కలపమని మా మేడమ్‌ని అడుగుతా.

పూతరేకుల_మనవరాలు
అప్‌డేట్. సెకండియర్ గారు రాసింది పిన్ చేశాను, పేరు మార్చలేదు. అమ్మమ్మకి ఓఖో, ఆగ్వాస్, అర్రర్రాయ్ అన్నీ చెప్పాను. "పరాయి దేశం వాడికి నా చెయ్యి కాలుతుందని ఎంత బెంగో" అని కళ్లు తుడుచుకుంది. ఆ "అబ్బో శుభ్రం" అన్నవాడికి కుండ కింది మంట చూపించి "ఈ వేడికి ఏ పురుగు బతుకుద్దో అడుగు" అంది. పేరు సంగతి చెప్పలేదు. చెప్పను కూడా.

ఇంకొక్క డౌటు. ఇవాళ పొద్దున ఒకరు ఉత్తినే "ఆయ్" అని ఒక్క మాట పెట్టారు. కామా లేదు, బొమ్మ లేదు. ఇది నొప్పా, మెచ్చుకోలా, హెచ్ మర్చిపోయిన "ఉంది"యా?

వాలెన్సియా_వదిన
ఒక్క మాటైతే చెప్పడం కష్టం. ఎన్ని ఎ లున్నాయి?

పూతరేకుల_మనవరాలు
రెండు.

సెకండియర్_స్పానిష్
అయితే జాలో, ముచ్చటో. "అయ్యో, ఎంత బాగుంది" అని సాగదీశారు.

క్వీన్స్_కుర్రాడు
ప్యూర్టోరికో వాళ్లయితే పక్కన "బెందీతో" ఉండాలి. లేదంటే ఏదో కాలి ఉంటుంది.

రాజమండ్రి_రవ్వట్టు
ప్రొఫైల్ చూశారా?

పూతరేకుల_మనవరాలు
చూశా. మా రాజోలు మావయ్య.